పురుగు పట్టని ఆకు

ఎల్.బి.నగర్,
10 నవంబర్ 2024

నా బంగారు అక్కకు,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నువ్వు చిన్నిని ఒళ్లో వేసుకుని ఫోన్ స్పీకర్‌లో పెడతావు, పక్కన మీ అత్తమ్మ ఉంటుంది. నేను చెప్పబోయేది ముందు నువ్వొక్కదానివే చదవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. నీ గొంతు వింటే నాకు నోరు పెగలడం లేదు. ఈ వారంలో మూడుసార్లు చేశాను. "ఏందే, ఊకెనే చేసినవా?" అని నువ్వడిగితే "ఊకెనే" అని పెట్టేశాను. ఊకెనే కాదక్కా.

ముందు అసలు మాట చెబుతాను. ఈ ఉత్తరం అందిన మరునాడే చిన్నిని తీసుకుని నల్లగొండలో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లు. చిన్ని రక్తంలో, నీ రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించు. సీసమంటే బ్యాటరీల్లో ఉండే లోహం. బెంబేలు పడకు, కానీ ఆలస్యం చెయ్యకు. ఎందుకో మొదటినుంచీ చెబుతాను.

ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నానని నీకు తెలుసు, దేనిమీదో ఎప్పుడూ చెప్పలేదు. కలుపు మొక్కల మీద. జిల్లేడు, ఉమ్మెత్త, వయ్యారిభామ, పొన్నగంటి, ఇలా ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే మొక్కలు. మా వేదవతి మేడమ్‌ది గుంటూరు వైపు. మొదటిరోజే ఒక మాట అన్నారు. "తనిఖీకి వస్తున్నారంటే ఫ్యాక్టరీవాళ్లు ఆ పూట పొగ ఆపేస్తారమ్మా. మొక్క ఏం చేస్తుంది పాపం, ఎక్కడికీ పోలేదు. ఏడాదంతా అక్కడే నిలబడి పీల్చిందంతా ఆకుల్లో దాచుకుంటుంది. ఆకుని అడిగితే చెబుతుంది."

హయత్‌నగర్ దాటాక, హైవే నుంచి లోపలికి పోతే, ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్ ఒకటుంది. దాని వెనక బోర్డు లేని రేకుల షెడ్డు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తారు. షెడ్డు గోడ దగ్గర మొదలుపెట్టి, అవతల కుంట దాకా ఎనిమిది చోట్ల ఆకులు కోశాను. కోసినవాటిలో సగం కడుగుతాం, సగం కడగం. అప్పుడు పైన పడిన దుమ్మెంతో, మొక్క లోపలికి తాగిందెంతో విడివిడిగా తెలుస్తుంది. ఎండబెట్టి, పొడిచేసి, యాసిడ్‌లో కరిగించి మిషన్‌కు పెడితే అంకెలు వస్తాయి.

సెప్టెంబర్‌లో ఒక పొద్దున నేనూ, నా క్లాస్‌మేట్ అలేఖ్యా ఆరో చోటికి, అంటే కుంట ఒడ్డుకు వెళ్లాం. అలేఖ్య వెనక ఎక్కడో ఫొటోలు తీస్తోంది. మోకాలిలోతు నీళ్లలో, చీర ఎగ్గట్టి, నడుముకు గోనెసంచి కట్టుకుని ఒకామె వంగి పొన్నగంటి కోస్తోంది. తల ఎత్తింది. మన అమ్మ.

పెద్దఅంబర్‌పేట రైతు దగ్గర తెస్తున్నానని కదా మనకు చెప్పేది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ తీసేశాక మామిడికాయలు ఏరే పని పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో కింద ఆకుకూరలమ్ముకుంటూ కూర్చుంది కదా, అప్పటినుంచీ ఆ కుంటే ఆమె పొలమట.

"నువ్వేంది బిడ్డా ఈడ?" అని మొహమంతా నవ్వింది. నేను నోరు తెరిచేలోపే ఆకు ఒకటి విప్పి చూపించింది. "సూడు, ఒక్క తూటు లేదు. ఈ కుంట ఆకుకు పురుగు వట్టదు. తూటు వడ్డ ఆకు మన గిరాకీలు ముట్టరు. గందుకే గింత దూరమొస్త."

ఇంతలో అలేఖ్య దగ్గరికి వచ్చి, "ఎవరే?" అంది.

నేనేమన్నానో తెలుసా అక్కా? "ఎవరో. కూర కోసుకునే ఆమె."

అమ్మ విన్నది. ఒక్క క్షణం నా మొహం చూసి, మళ్లీ నీళ్లలోకి వంగింది. వంగే అంది, "పొనగంటి గా ఒడ్డుకు ఇంక మంచిగున్నది మేడమ్. ఆడ తెంపుకోండ్రి."

కన్నతల్లి నన్ను మేడమ్ అంది. నా అబద్ధం నిలబెట్టడానికి అంది. మాకు కూరగాయల షాపుందని కాలేజీలో చెప్పుకున్నాను, ఆమెకది ఎలా తెలిసిందో ఏమో. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పురిటికొచ్చి ఉన్న నీకు పొన్నగంటి పప్పు పెడుతోంది. "పాలు వడతయి, ఇంగొంచెం తిను" అంటోంది. నాకూ పెట్టింది. పొద్దుటి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు.

దీపావళికి ఆరు రోజుల ముందు అంకెలు వచ్చాయి. షెడ్డు గోడ పక్క జిల్లేడు ఆకు నిండా సీసమే, కానీ చాలావరకు పైదుమ్ము, కడిగితే పోయింది. కుంట ఒడ్డు పొన్నగంటిని మూడుసార్లు కడిగినా పోలేదు. తినే కూరలో ఉండదగిన దానికి ముప్పై రెట్లు. ఆకు చూస్తే ఏ రోగమూ లేనట్టు పచ్చగా, నున్నగా ఉంటుంది. ఆ షెడ్డు చుట్టూ జిల్లేడు ఆకులకు కూడా గొంగళిపురుగు కొట్టిన చిల్లు ఒక్కటీ లేదని నా నోట్‌బుక్‌లో నేనే రాసుకున్నాను. అది ఏం చెబుతోందో మాత్రం నాకు తట్టలేదు.

ఆరోజు ఇంటికి వచ్చేసరికి నీ కంచంలో అదే కూర. నేను చెప్పలేదక్కా. మరునాడు గిన్నె చేతిలోంచి జారినట్టు పారబోశాను. అమ్మ తిట్టింది, నువ్వు నవ్వావు. ఆ తర్వాత ఒకరోజు వాసన వస్తోందన్నాను. అయినా నువ్వు వెళ్లేలోపు ఇంకో రెండుసార్లు తిన్నావు. నేను ఎదురుగా కూర్చుని చూశాను.

చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయపడ్డాననుకున్నాను. అదొక్కటే కాదు. ఆ ఆరో చోటు రిపోర్టులో పెడితే, అక్కడ కూర ఎవరు కోస్తున్నారని మేడమ్ అడుగుతారు. మా అమ్మ అని చెప్పాలి. అలేఖ్య వింటుంది. అందుకని ఆ వరుసలో "నమూనా పాడైంది" అని రాశాను. మేడమ్ నమ్మి సంతకం పెట్టారు. అమ్మతో మాత్రం ఆ కుంట నీళ్లు బాగాలేవు, ఇంకోచోట కోసుకో అన్నాను. సరే అంది. వెళ్లడం మానిందో లేదో నేను మళ్లీ అడగలేదు.

ఇదీ నేను చేసింది. నన్ను ఏమైనా అను. ముందు చిన్నిని డాక్టర్‌కు చూపించు.

నీ చెల్లెలు,
సౌజన్య


చిట్యాల,
27 నవంబర్ 2024

చెల్లె సౌజన్యకు,

ఉత్తరం అందింది. పరీక్షలు అయ్యాయి. నల్లగొండలో రక్తం తీసి హైదరాబాద్ పంపించారు, అందుకే ఇన్ని రోజులు పట్టింది. చిన్నికి ఏడు వచ్చింది. నాకు పద్నాలుగు. ఐదు దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలట. మందులేమీ అక్కర్లేదు, ఆ కూర ఆగిపోతే అదే తగ్గుతుంది అన్నాడు డాక్టర్. పాలు ఇవ్వొచ్చట. నాకు ఐరన్, కాల్షియం గోలీలు రాశాడు. మూడు నెలలకు మళ్లీ చూడాలి.

ఆ కాగితం చేతికి వచ్చేదాకా నేను ఎట్లా ఉన్నానో నీకు రాయను. చిన్ని నవ్వినా భయమే, నిద్రపోయినా భయమే. దాని చెవి దగ్గర చిటికె వేసి తల తిప్పుతుందా లేదా అని రోజుకు పదిసార్లు చూశాను.

నువ్వు గిన్నె పారబోసిన రోజు నేను నవ్వాను సౌజన్యా. మళ్లీ మళ్లీ అదే గుర్తొస్తోంది. అమ్మ తెలియక పెట్టింది. నువ్వు తెలిసి ఊరుకున్నావు. ఈ రెండూ ఒకటి కావు. నీకు సిగ్గనిపించి ఉంటుంది, భయమేసి ఉంటుంది, నేను కాదనను. కానీ నా కంచం ముందు కూర్చుని చూశానని రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను ఉత్తరం మడిచి పెట్టేశాను. మిగతాది రెండు రోజుల తర్వాత చదివాను.

మా అత్తమ్మ వినకూడదనుకున్నావు. నేనే చెప్పాను. "ఆకును జూస్తె ఏం దెలుస్తది బిడ్డా, పాపం మీ అమ్మ ఏం జేస్తది" అంది. నువ్వు ఎవరి గురించి భయపడ్డావో వాళ్లు నీకంటే నయంగా ఉన్నారు.

ఇంకొక్క మాట. ఆ కూర అమ్మ మనకే వండలేదు. మూడేళ్లుగా అమ్ముతోంది. కొనుక్కుపోయిన ఇళ్లలో నాలాంటి బాలింతలు ఎంతమంది ఉన్నారో, చిన్నిలాంటి పిల్లలు ఎంతమందో. ఇంకా ఆ కుంటకు పోతూనే ఉందేమో నీకు తెలియదని రాశావు. ఆదివారం లోపు నువ్వు అమ్మకు అంతా చెప్పు. చెప్పకపోతే చిన్నిని ఎత్తుకుని నేనే వచ్చి చెబుతాను. అమ్మకూ, నీకూ కూడా రక్తం చూపించు. మీరూ అదే తిన్నారు.

మీ అక్క,
కృష్ణకుమారి


ఎల్.బి.నగర్,
2 మార్చి 2025

అక్కా, నా తల్లీ,

నిన్న నువ్వు పంపిన చిన్ని రిపోర్టు ఫొటో చూశాను. మూడు. ఆ అంకె మీద వేలు పెట్టి అమ్మకు చూపించాను. ఇన్నాళ్లూ నీకు ముక్కలుముక్కలుగా మెసేజ్‌లు పెట్టానే కానీ, జరిగింది జరిగినట్టు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన శనివారం మధ్యాహ్నమే అమ్మకు చెప్పాను. గడప దగ్గర కూర్చుని గోంగూర గిల్లుతోంది. కుంట, షెడ్డు, అంకెలు, నీ రక్తం, చిన్ని రక్తం, నేను ఊరుకున్న రోజులు, అన్నీ చెప్పాను. అయిపోయాక, "చిన్నదానికి ఎంతొచ్చింది?" అంది. ఏడు అన్నాను. "పెద్దదానికి?" పద్నాలుగు. "మరి నువ్వు సూపిచ్చుకున్నవా?" అంది. నేనింకా చూపించుకోలేదు. అంత పరేషాన్‌లో కూడా ఆమె నన్ను మరచిపోలేదు చూడు. తర్వాత లేచి కుళాయి కింద చేతులు కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది. నేను కుళాయి కట్టేస్తే మళ్లీ తిప్పింది.

నేను వేరేచోట కోసుకోమన్నాక ఆమె ఆ ఒడ్డు వదిలి అవతలి ఒడ్డుకు మారిందట. కుంట అదే కదక్కా.

సోమవారం పొద్దున సంచి లేకుండా దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. మెట్రో కింద తన చోట గోనెపట్ట పరిచి, ముందు ఒక్క కట్ట కూడా లేకుండా కూర్చుంది. వచ్చిన ప్రతి గిరాకీకీ అదే చెప్పింది. "నేనమ్మిన పొనగంటిల ఇసమున్నదంట అమ్మా. సీసం. నాకు తెల్వదు. ఇంట్ల పిల్లలుంటె రక్తం సూపియ్యండ్రి." పరీక్ష పేరు నేను చీటీల మీద రాసి ఇచ్చాను, అవి చేతుల్లో పెట్టింది. కొందరు నమ్మలేదు. కొందరు చీటీ అక్కడే పారేశారు. సీతామహాలక్ష్మిగారని రిటైరైన టీచరు, అమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడా కొనరు. ఆవిడ నిలబడి అరిచేశారు. "నీ మీద నమ్మకంతోనే కదే మూడేళ్లుగా కొంటున్నాను! నా మనవరాలికి ఈ చేత్తో ముద్దలు కలిపి పెట్టానే!" జనం మూగారు. అమ్మ తల వంచుకుని నిలబడి, "నా బిడ్డకు, మనుమరాలికి గూడ పెట్టిన అమ్మా" అంది. ఆవిడ చీటీ తీసుకుని వెళ్లిపోయారు.

ఏడు రోజులు అలాగే కూర్చుంది. వారానికొకసారి వచ్చే గిరాకీ ఒక్కరూ తప్పిపోకూడదని ఏడు రోజులు. ఏడో రోజు సీతామహాలక్ష్మిగారు మళ్లీ వచ్చారు. మనవరాలికి తక్కువే ఉందని చెప్పి, "నీకెంతొచ్చింది అండాలమ్మా?" అని అడిగారు. ముప్పై ఒకటి. మనందరిలోకీ ఎక్కువ అమ్మకే. మూడేళ్లుగా ఆ నీళ్లలో నిలబడింది, మిగిలిన కూర పారేయబుద్ధి కాక తానే తినింది. ఆవిడ చాలాసేపు అమ్మ పక్కనే ఆ గోనెపట్ట మీద కూర్చుండిపోయారు.

నేను వేదవతి మేడమ్‌కు కూడా చెప్పేశాను. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. నా ప్రాజెక్టు పోయిందనే అనుకున్నాను. "నువ్వు అబద్ధం చెప్పింది నాకు కాదమ్మా, ఆ ఆకు తినేవాళ్లకి. ఆ సంతకం నేను వెనక్కి తీసుకుంటున్నాను. పని మళ్లీ మొదటినుంచీ చెయ్యి" అన్నారు. తలుపు దాకా వచ్చాక పిలిచి, "ఈసారి మీ అమ్మగారిని కూడా తీసుకురా" అన్నారు.

డిసెంబర్‌లో నలుగురం వెళ్లాం, అలేఖ్య కూడా. బస్సు దిగగానే నేనే చెప్పాను, "అలేఖ్యా, మా అమ్మ" అని. అలేఖ్యకు ఆ పొద్దున గుర్తుంది. నా వైపు చూసింది. నేను ఏదో చెప్పబోయేలోపు అమ్మే అందుకుంది. "అప్పుడు ఎండ మొకాన వడ్తుండె బిడ్డా, నేను గూడ దీన్ని గుర్తు వట్టలే" అంది. మళ్లీ నన్ను కాపాడింది. నేను ఒప్పుకోలేదక్కా. "కాదు, నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. అలేఖ్య అమ్మ చేతిలోని సంచి తీసుకుని ముందు నడిచింది.

ఆరోజు అమ్మ ఆ నేలంతా తిప్పి చూపించింది. ఆకు మడిచి వెలుగులో పట్టి చూసి, "ఈడ పురుగు తింటది, ఈడ తినది" అని చెబుతూ పోయింది. అన్నిచోట్లా ఆకులు కోశాం. అంకెలు వచ్చాక చూస్తే, ఆమె తినదన్న పద్నాలుగు చోట్లలో పన్నెండింటిలో సీసం ఎక్కువ. షెడ్డువాళ్లు బూడిద గోనెల్లో నింపి కల్వర్టు కింద పడేస్తారని, వాన పడితే అది కుంటలోకి కొట్టుకొస్తుందని ఆమెకు ఎప్పుడో తెలుసు. బూడిదంటే పొయ్యి బూడిదే అనుకుంది. మేడమ్ నోట్‌బుక్ మూసి, "నేను పాతికేళ్లుగా పాఠం చెబుతున్నానండీ, ఆకుని ఇలా చూడటం నాకు రాలేదు" అన్నారు. అమ్మకు సంతోషం కలగలేదు. "తూటు లేదని నేనే ఏరి ఏరి తెంపిన మేడమ్. గదే మంచి ఆకనుకున్న" అంది. మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

మా కాగితాలు పట్టుకుని అధికారులు జనవరి ఆఖర్లో వచ్చి షెడ్డుకు సీలు వేశారు. యజమాని ఫోన్ ఎత్తడం లేదు. అంతటితో అయిపోయిందనుకున్నాను. అమ్మ అనుకోలేదు. "ఆ కరగవోసేటోళ్లు ఏడవోయిండ్రు?" అని అడిగింది. నాకు తట్టనే లేదక్కా. ఎనిమిది చోట్ల ఆకులు లెక్కపెట్టాను కానీ, ఆ గోడ అవతల మనుషులున్నారని ఆలోచించలేదు.

మరునాడు అమ్మే వెళ్లింది. షెడ్డు వెనక టార్పాలిన్ పట్టా కప్పిన గుడిసెలో, ఆ పనికని ఒడిశా నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు, నాలుగేళ్ల ఆడపిల్ల ఉన్నారు. పిల్ల అన్నం తిన్నది తిన్నట్టు కక్కుతోంది. అమ్మకు వచ్చిన హిందీ నీకు తెలుసు కదా, పండ్ల మార్కెట్ హిందీ. "చలో బెహన్, దవాఖాన" అని ఆ తల్లి చెయ్యి పట్టుకుని, పిల్లను తానే ఎత్తుకుని ఆటో ఎక్కించింది. నేను కాలేజీ నుంచి సరాసరి దవాఖానకు వెళ్లాను. నర్సు కాగితం నింపుతూ, "నువ్వు పిల్లకు ఏమైతవ్?" అని అడుగుతోంది. అమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. "నేను కూర తెంపే కాడనే వీళ్లుంటరమ్మా" అంది. నర్సుకు అర్థం కాలేదు. అత్త అని రాసుకుంది.

పిల్లకు యాభై రెండు వచ్చింది. ఇరవై రోజులు మందులిచ్చారు. దాని పేరు మాలతి. రోజూ పొద్దున అమ్మ అన్నం, పప్పు, కోడిగుడ్డు పట్టుకెళ్లి తినిపించింది. ఇప్పుడు అంకె సగానికి దిగింది. వాళ్ల నాన్నకు మేడమ్ తెలిసినవాళ్ల నర్సరీలో పని ఇప్పించారు. అమ్మ ఇప్పుడు నిజంగానే పెద్దఅంబర్‌పేట రైతు దగ్గర కూర తెస్తోంది. పురుగు కొట్టిన ఆకులు పైకి కనబడేలా కట్టలు పేరుస్తుంది. గిరాకీలు మొహం చిట్లిస్తారు. కొందరు అడిగి తెలుసుకుని కొంటారు, కొందరు పక్కామె దగ్గరికి పోతారు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఎత్తడం లేదని నామీద విసుక్కున్నావు. పనిలో ఉందని నీకు చెబుతూ వచ్చాను. పనిలో లేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అది మోగి మోగి ఆగేదాకా నీ పేరు చూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడు నీకు అబద్ధం రాయను. నిన్న చిన్ని రిపోర్టు చూపించాక ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఆ అంకె మళ్లీ చూసుకుంది. తర్వాత, "నువ్వు అక్కకు ఉత్తరం రాస్తవు గద, నేను చెప్పింది గూడ రాయి" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"కృష్ణా, బిడ్డా, నేను మీ అమ్మను. నీ ఫోన్ ఎత్తలే. ఏం మొకం వెట్టుకొని మాట్లాడాలె అనుకున్న. చిన్నిదానికి తగ్గిందన్నరు. మంచిది. నువ్వు రమ్మంటె ఒస్త, కని నీ ఇంట్ల పొయ్యి ముట్టను, నాకు ఇంక చేతులాడుతలేవు. గాదంటె నువ్వే ఒకసారి రా. మీ పెరట్ల ఏ కూరుంటె గది తెంపుకొని రా. ఈడ నువ్వే వండు. నువ్వు పెడితె నేను తింట."

ఇంతే చెప్పింది. రాయడం అయ్యాక చదివి వినిపించమంది. విని, "ఫోన్ ఈసారి ఎత్తుతదని గూడ రాయి" అంది.

నీ రాకకు ఎదురుచూస్తూ,
సౌజన్య